జీతమా... ఫీజా?

జులై వచ్చిందంటే జనగామలో మా ఇంటి ముందుగది సందడిగా మారిపోతుంది. ఆదాయపు పన్ను రిటర్నులు వేయించుకునేవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వస్తూనే ఉంటారు. గదిలో ఉన్నవి ఒక బల్ల, రెండు కుర్చీలు. చోటు దొరకని వాళ్ళు అరుగు మీద కూర్చుని టమాటాల ధర దగ్గర్నుంచి పిల్లల సంబంధాల దాకా అన్నీ మాట్లాడేసుకుంటారు. వాళ్ళ మాటలు వింటూ అంకెలు కూడడం నాకూ అలవాటైపోయింది.

2025 జులైలో అలా వచ్చిన ఒక అమ్మాయి మానుకోట నుంచి వచ్చింది. మహబూబాబాద్ అని బోర్డుల మీద ఎంత రాసినా మా వైపు వాళ్ళకు అది ఇప్పటికీ మానుకోటే. పొద్దున్నే రైలెక్కి కాజీపేట మీదుగా జనగామలో దిగి, ఎండలో నడుచుకుంటూ వచ్చేసరికి మొహం వాడిపోయింది. ఐదో నెల. మంచినీళ్ళిచ్చి కాసేపు ఫ్యాను కింద కూర్చోబెట్టాను.

అక్కడి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా మూడేళ్ళ నుంచి పనిచేస్తోందట. రిటర్ను కోసం రాలేదు.

"అక్కా, నా పీఎఫ్ పైసలు తీస్కోవాలె. కాన్పు ఖర్చులకు అక్కరకొస్తయి. నెలనెలా కట్ చేస్తనే ఉన్నరు. నా లెక్కల డెబ్బై రెండు వేలున్నయి" అంది.

పీఎఫ్ నంబరు చెప్పమన్నాను. తెలీదంది. ఫోనుకు మెసేజీలేమన్నా వస్తాయా అంటే, రావంది. అప్పుడు అనుమానం వచ్చి జీతం కాగితాలు చూపించమన్నాను. చీటీల్లాంటి కాగితాలు. ఒకదాని మీద ఇలా ఉంది: మొత్తం 22,000. టీడీఎస్ 2,200. పీటీ 200. చేతికి 19,600.

పీఎఫ్ అన్న మాట ఎక్కడా లేదు.

పాన్ నంబరు అడిగి ఆదాయపు పన్ను శాఖ వారి ఫారం 26ఏఎస్ తీశాను. మన పేరు మీద ఎవరు ఎంత పన్ను కోసి ప్రభుత్వానికి కట్టారో చూపించే కాగితం అది. ఆసుపత్రి పేరు ఎదురుగా 'సెక్షన్ 194జె' అని ఉంది. అంటే వృత్తి నిపుణులకు ఇచ్చే ఫీజు. డాక్టరుకో, లాయరుకో, ఆడిటరుకో ఇచ్చినట్టన్నమాట. మొదటి ఏడు నెలకు 18 వేలు, రెండో ఏడు 20 వేలు, మూడో ఏడు 22 వేలు. వాటిలో పదో వంతు చొప్పున మూడేళ్ళకు కోసింది సరిగ్గా 72,000. ఆమె లెక్క ఒక్క రూపాయి కూడా తప్పలేదు. ఆ డబ్బు చేరిన చోటే వేరు.

"ఇది పీఎఫ్ కాదమ్మా, పన్ను. వీళ్ళ లెక్కలో నువ్వు ఉద్యోగస్తురాలివే కావు" అన్నాను.

ఆ పిల్ల నా మొహంలోకి చూసి, "మరి పొద్దున తొమ్మిది గొట్టంగనే వేలిముద్ర ఎందుకు ఏపిస్తున్నరక్కా?" అంది.

దానికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నిజానికి ఈ వ్యవహారమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

మామూలుగా జీతం మీద పన్ను 1961 చట్టంలోని 192వ సెక్షన్ కింద కోస్తారు. ఏడాది ఆదాయం లెక్కగట్టి, పన్ను పడే వాళ్ళకే కోయాలి. ఈ అమ్మాయిది ఏడాదికి 2,64,000. జీతమని రాసి ఉంటే ఒక్క రూపాయి కూడా కోయక్కర్లేదు. ఫీజు అని రాశారు కాబట్టి పన్ను పడే ఆదాయం ఉందా లేదా అని చూడకుండా పదిశాతం పోయింది. పనివాళ్ళకు, గుత్తేదార్లకు 194సి అని మరొకటుంది. అందులో ఒక వ్యక్తికి ఇస్తే ఒక శాతం కోస్తారు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేలా 2025లో కొత్త ఆదాయపు పన్ను చట్టం చేశారు. దాంతో ఈ సెక్షన్ల నంబర్లు మారాయి. జీతానికీ ఫీజుకూ మధ్య గీత మాత్రం అలాగే ఉంది.

సరే, కోసిన పన్ను రిటర్ను వేస్తే వెనక్కి వస్తుంది. అసలు నష్టం అక్కడ లేదు. ఉద్యోగి కాదన్నాక పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు, అన్నిటికంటే ముందు ఆ అమ్మాయికి ప్రసూతి సెలవు లేదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించాక మొదటి రెండు కాన్పులకు 26 వారాలు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. ఆమె జీతానికి అది సుమారు లక్షా ముప్పై వేలు. ఆసుపత్రి వాళ్ళు మాత్రం, "ఎనిమిదో నెల దాకా చేసి మానెయ్యి, కాన్పయినంక చూద్దాం" అన్నారట.

నా చేతి రాత

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. ఈ ముందుగది తెరవకముందు నేను ఒక ప్రైవేటు విద్యాసంస్థలో ఐదేళ్ళు లెక్కలు రాశాను. ఇరవై మంది ఉద్యోగులుంటే పీఎఫ్ చట్టం వర్తిస్తుంది. మా దగ్గర రిజిస్టరులో ఎప్పుడూ పద్దెనిమిది మందే! కొత్తగా ఎవరు చేరినా, "వీళ్ళను ఫీజు కింద రాయమ్మా" అనేవారు పెద్దాయన. రాసేదాన్ని. సంగీతం టీచరు, ఆటల మాస్టారు, ఆఖరికి ఆఫీసులో టైపు చేసే అమ్మాయి కూడా 'కన్సల్టెంటే'. ఆ అమ్మాయి మూడు వారాలు జ్వరంతో మంచాన పడితే ఆ నెల పుస్తకంలో ఆమె పేరే రాయలేదు. పుస్తకం నాది, రాత నాది. అప్పుడు అది తప్పని తోచలేదు. 'ఇలాగే రాస్తారు కాబోలు' అనుకున్నాను.

అందుకే మానుకోట అమ్మాయి కాగితాలు నాకు కొత్తగా అనిపించలేదు. కొత్తగా కనిపించింది ఆ 200 రూపాయల పీటీ.

పీటీ అంటే వృత్తి పన్ను. మన రాష్ట్రంలో 1987 నాటి చట్టం ప్రకారం వసూలు చేస్తారు. జీతగాళ్ళకు నెలకు 15 వేల దాకా ఏమీ లేదు, 20 వేల దాకా 150, ఆ పైన 200. జీతగాళ్ళ దగ్గర దీన్ని కోసి కట్టాల్సింది యజమాని. సొంతంగా ప్రాక్టీసు చేసుకునేవాళ్ళు ఎవరిది వాళ్ళే కట్టుకోవాలి. మరి ఈ ఆసుపత్రి ఏం చేసింది? వృత్తి పన్ను దగ్గరికొచ్చేసరికి ఈమెను తన ఉద్యోగిగా లెక్కేసి 200 కోసింది. ఆదాయపు పన్ను దగ్గరికొచ్చేసరికి బయటి మనిషిగా లెక్కేసి 2,200 కోసింది. ఒకే చీటీ, ఒకే మనిషి, పక్కపక్క గడుల్లో రెండు రకాలు!

"ఈ చీటీలన్నీ జాగ్రత్తగా దాచుకో తల్లీ" అన్నాను. ఆమెకు అప్పుడు అర్థం కాలేదు.

దర్జీల కేసు

ఎవరు ఉద్యోగి, ఎవరు సొంత పనిమంతులు అన్న తగువు ఈనాటిది కాదు. మన దగ్గర పుట్టిన కేసే ఒకటి సుప్రీంకోర్టు దాకా పోయింది. పేరు సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్. కొత్తగా వచ్చే కామర్సు పిల్లలకు నేను దీన్ని కథలా చెబుతుంటాను.

బట్టలు కుట్టించే షాపు అది. అక్కడి పనివాళ్ళకు నెల జీతం లేదు, కుట్టిన దాన్ని బట్టి కూలి. ఫలానా వేళకు రావాలన్న నియమం లేదు. రాకపోతే సెలవు చీటీ ఇవ్వక్కర్లేదు. కొందరు గుడ్డ ఇంటికి పట్టుకెళ్ళి కుట్టుకొచ్చేవారు. కొందరు వేరే షాపుల పని కూడా చేసుకునేవారు. "వీళ్ళు మా ఉద్యోగులెలా అవుతారు? ఎవరి పని వాళ్ళు చేసుకునే దర్జీలు" అన్నది యజమానుల వాదన. తెలంగాణ ప్రాంతానికి 1951లో వచ్చిన దుకాణాల, సంస్థల చట్టం వాళ్ళకు వర్తిస్తుందా లేదా అన్నది తగువు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాటి ఢిల్లీ చేరింది. 1973 సెప్టెంబరులో జస్టిస్ కె.కె. మాథ్యూ తీర్పు రాశారు.

ఆయన చూసినవి చాలా మామూలు సంగతులు. కుట్టుమిషన్లు ఎవరివి? షాపువి. గుడ్డ కత్తిరించి ఇచ్చి, ఇలా కుట్టాలని చెప్పేదెవరు? షాపువాళ్ళు. కుట్టు బాగాలేకపోతే ఏమవుతుంది? విప్పి మళ్ళీ కుట్టాలి, లేకపోతే ఆపైన పని దొరకదు. బాగాలేదని తిప్పికొట్టే హక్కు యజమానికి ఉందంటే పని మీద అదుపు ఉన్నట్టేనన్నారు. ఇంకోచోట కూడా కుడుతున్నారు కదా అంటే, ఒక మనిషి ఇద్దరి దగ్గర ఉద్యోగి కావచ్చు, అందులో వింతేమీ లేదన్నారు. దర్జీలే గెలిచారు.

ఆ పన్నెండేళ్ళ తర్వాత, 1985లో, ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే వాళ్ళ గురించి పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో ఇదే మాట వచ్చింది. ఆకూ తంబాకూ యజమాని ఇస్తాడు, చుట్టిన బీడీల్లో నచ్చనివి ఏరి పారేస్తాడు. కాబట్టి ఇంటి దగ్గర చుట్టినా వాళ్ళు ఉద్యోగులే, పీఎఫ్ ఇవ్వాల్సిందేనని తేల్చింది సుప్రీంకోర్టు. నిజామాబాద్, కరీంనగర్ వైపు ఆడవాళ్ళకు ఆ పీఎఫ్ నంబరు ఎంత విలువైందో బీడీ కార్మికుల పింఛను వచ్చినప్పుడు తెలిసింది. నంబరున్న ఇంట్లో పింఛను, పక్కింట్లో అదే పని చేసినా లేదు!

ఇది చెబుతుంటే మా వీధిలో బడి యూనిఫాంలు కుట్టే వదిన అరుగు మీద నుంచే అడిగింది: "మరి నేనెవరిని?" కత్తిరించిన గుడ్డ షాపువాళ్ళే ఇస్తారు, జతకింత అని కూలి. మిషను మాత్రం ఆమెదే, దారం ఆమెదే, కరెంటు బిల్లు ఆమెదే. మే, జూన్ నెలల్లో రాత్రి రెండింటి దాకా మిషను చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. కొలతల్లో తేడా వస్తే షాపతను మొహమ్మీదే విసిరేస్తాడట. అదుపు చూస్తే ఉద్యోగి, మిషను చూస్తే సొంత వ్యాపారం. చిన్న షాపు కాబట్టి టీడీఎస్ గొడవే లేదు, అందుకే ఇంతకాలం ఈ ప్రశ్న రాలేదు. "చూసి చెప్తాను వదినా" అన్నాను. ఇంకా చెప్పలేదు.

మానుకోట అమ్మాయి కేసులో అంత తికమక లేదు. తొమ్మిదింటికి వేలిముద్ర. ఆసుపత్రి బొమ్మ ఉన్న కోటు, మెడలో గుర్తింపు కార్డు. మిషన్లన్నీ ఆసుపత్రివి. ఏ పేషెంటును ఎప్పుడు చూడాలో సూపరింటెండెంటు రాసి పెడతాడు. బిల్లు ఆసుపత్రి పేరు మీద. పదిమంది పేషెంట్లొచ్చినా నలభై మందొచ్చినా ఆమెకు అదే 22 వేలు. సాయంత్రం ఎవరింటికైనా వెళ్ళి చేస్తే ఊరుకోరు. సెలవు కావాలంటే కాగితం పెట్టాలి. ఇందులో 'ఫీజు' ఎక్కడుంది?

అయితే ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళంతా ఉద్యోగులే అనుకుంటే పొరపాటు. హైదరాబాద్‌లోని యశోదా ఆసుపత్రి మీద ఆదాయపు పన్ను శాఖ వేసిన కేసు చూడండి. కన్సల్టెంట్ డాక్టర్లకు ఇస్తున్నది జీతమే, 192 కింద కోయాలి అని శాఖ పట్టుబట్టింది. పెద్ద డాక్టర్లకు జీతమని కోస్తే 30 శాతం దాకా పోతుంది, ఫీజని కోస్తే పదే కదా! తక్కువ కోసినందుకు బాధ్యత ఆసుపత్రి మీద పడుతుంది. ఒప్పందాలు పరిశీలించిన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, అక్కడ యజమాని, ఉద్యోగి సంబంధం లేదు, అది వృత్తి ఫీజేనని తీర్పు చెప్పింది. 2014 పన్ను తీర్పుల సంపుటిలో అది అచ్చయింది. ఆ తీర్పును చూసి, ఆసుపత్రిలో అడుగుపెట్టిన ప్రతి మనిషినీ 'కన్సల్టెంట్' అని రాసేసుకునే వాళ్ళున్నారు. కోర్టు చూసింది ఆ డాక్టర్ల షరతుల్ని. ఫిజియోథెరపీ అమ్మాయి వేలిముద్రల్ని కాదు.

పేరున్న డాక్టర్లకు ఫీజు అంటేనే లాభం. 1961 చట్టంలోని 44ఏడీఏ కింద పుస్తకాలు రాయకుండా వచ్చిన దాంట్లో సగమే ఆదాయమని చూపించుకోవచ్చు. నాలుగు ఆసుపత్రులకు వెళ్ళే డాక్టరమ్మను "మీరు ఉద్యోగి" అంటే కోప్పడుతుంది. ఉద్యోగి కాకపోవడమే ఒక కుటుంబాన్ని ఆదుకున్న కేసు కూడా ఉంది. గుజరాత్‌లోని నవసారిలో ఒక కంటి డాక్టరు 1997లో ఆసుపత్రి మినీ బస్సు ప్రమాదంలో చనిపోయారు. ఆయన ఆసుపత్రి ఉద్యోగి కాబట్టి తమ బాధ్యత 50 వేలకు మించదంది బీమా కంపెనీ. సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో ఆయన ఒప్పందమంతా చదివి, ఉద్యోగి కాదు, సొంతంగా సేవలందించే డాక్టరు అని తేల్చింది. దాంతో భార్యాపిల్లలకు పూర్తి పరిహారం దక్కింది. ఏ ఒక్క గుర్తుతోనూ తేల్చలేం, అన్నీ కలిపి తూకం వేయాలి అన్నది ఆ తీర్పు సారం.

భూపాలపల్లిలో భోజనాల అక్క

ఈ తూకంలో రెండోవైపు ఎలా ఉంటుందో భూపాలపల్లిలో చూశాను. మా ఆడపడుచు ఇంట్లో పూజ ఉందని ఆగస్టులో వెళ్ళాను. హన్మకొండలో బస్సెక్కి పరకాల మీదుగా పోవాలి. సింగరేణి గనులు, చెల్పూరు దగ్గర కరెంటు ప్లాంటు... పనికి వచ్చే బయటి ఊళ్ళ జనం ఎక్కువ. వాళ్ళకు అన్నం పెట్టే వాళ్ళూ ఎక్కువే. మా ఆడపడుచు పక్కింటి అక్క ఒక కాంట్రాక్టరు మనుషులకు రోజూ భోజనాలు పంపుతుంది. బిల్లులో ఒక శాతం కోసి ఇస్తున్నారని, అదేంటో చూడమని కాగితాలు నా ముందు పెట్టింది. నేను ఊరికి వచ్చిందే తడవు!

194సి. భోజనాల సరఫరా ఆ సెక్షన్ కిందికే వస్తుంది. 60 వేల బిల్లుకు 600. అక్కడ తప్పేమీ లేదు.

"నువ్వు వాళ్ళ కింద పనిచేస్తున్నట్టా అక్కా?" అని కావాలనే అడిగాను.

"నేనెవ్వల కింద పనిచేస్త? గిన్నెలు నావి, గ్యాసు నాది, ఆటో నాది. నూనె పిరమైతే నాకే దెబ్బ. మొన్న వానలకు పని బందైతే వండిన అన్నం మొత్తం నెత్తినేసుకున్న. ప్లేటుకు ఐదు రూపాలు పెంచకుంటే రేపట్నించి పంపనని చెప్పిన. పెంచిన్రు" అంది.

ఏ కోర్టూ ఇంతకంటే బాగా చెప్పలేదేమో! వంట ఎలా చెయ్యాలో ఆమెకు ఎవరూ చెప్పరు. లాభమొస్తే ఆమెది, నష్టమొచ్చినా ఆమెదే. ధర ఆమె చెబుతుంది. కావాలంటే ఇంకో ఇద్దరు కాంట్రాక్టర్లకూ పంపుతుంది. అసలైన సొంత పనిమంతురాలంటే ఈమె.

వెనకాల వంటింట్లో ముగ్గురు ఆడవాళ్ళు కూరగాయలు తరుగుతున్నారు. పొద్దున నాలుగింటికి వస్తారట. "మరి వాళ్ళు?" అన్నాను. అక్క కాసేపు మాట్లాడలేదు. "వాళ్ళు... నా మనుషులే" అంది. జ్వరమొస్తే డబ్బులిస్తావా అంటే, "సగమిస్త" అంది. ఆమె కాంట్రాక్టరే, ఆ ముగ్గురికి యజమాని కూడా. ముగ్గురే కాబట్టి పీఎఫ్, ఈఎస్ఐ చట్టాలు అక్కడిదాకా రావు. అయినా ఆ 'సగం' అన్న మాట ఆమెకే నచ్చలేదని మొహం చూస్తే తెలిసింది. టీ ఇచ్చి మాట మార్చింది.

పెద్ద పెద్ద పనుల దగ్గర ఊడ్చే ఆడవాళ్ళు, సామాన్లు మోసే ఆడవాళ్ళు మూడో రకం. వాళ్ళను 'కాంట్రాక్టు వాళ్ళు' అంటుంటే వాళ్ళే కాంట్రాక్టర్లనుకునేరు! వాళ్ళు కాంట్రాక్టరు దగ్గర ఉద్యోగులు. కాంట్రాక్టరు ద్వారా పెట్టుకున్న మనిషి కూడా పీఎఫ్ చట్టం దృష్టిలో ఉద్యోగే. ఢిల్లీ నగరపాలక సంస్థ వాళ్ళు మస్టరు రోలు కూలీలని చెప్పి ప్రసూతి సెలవు ఎగ్గొట్టబోతే, 2000లో సుప్రీంకోర్టు వాళ్ళకూ ఇవ్వాల్సిందేనంది.

ఈ పేచీ దేశమంతటా, ఆ మాటకొస్తే ప్రపంచమంతటా ఉంది. బ్రిటన్‌లో ఊబర్ డ్రైవర్లు తాము సొంత వ్యాపారులం కాదని పోరాడి 2021 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టులో గెలిచారు. మన దగ్గర 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో యాప్‌ల మీద పనిచేసే వాళ్ళకు వేరే పేరే పెట్టారు. ప్రసూతి సెలవు, పీఎఫ్, ఈఎస్ఐ చట్టాలు కూడా ఆ కోడ్‌లోకే వచ్చి చేరాయి. నియామక పత్రం ఇవ్వకుండా పనిలో పెట్టుకోకూడదని దాంతోపాటే వచ్చిన మరో కోడ్ చెబుతోంది. అందుకని కొత్తగా ఉద్యోగంలో చేరే అమ్మాయిలు ఎవరైనా ఇది చదువుతుంటే, ముందు ఆ కాగితం అడగండి. అందులో 'రిటైనర్', 'కన్సల్టెంట్', 'ప్రొఫెషనల్ ఫీజు' అన్న మాటలుంటే చదవకుండా సంతకం పెట్టకండి.

ఆ నవంబరుకు నాలుగు నెలల ముందు మానుకోట అమ్మాయి మా గదిలో కూర్చున్నప్పుడు ఇవేవీ లేవు. పాత చట్టాలే దిక్కు. ముందు రిటర్ను సంగతి చూశాం. స్నేహితురాళ్ళెవరో 15జి ఫారం ఇస్తే కోయరని చెప్పారట. అది బ్యాంకు వడ్డీ లాంటి వాటికి పనికొస్తుంది గానీ ఫీజుకూ, కాంట్రాక్టు బిల్లుకూ పనికిరాదు. ఇక ఏ గడిలో చూపించాలన్న ప్రశ్న వచ్చింది. ఇలాంటి వాళ్ళకు నేను ఏళ్ళ తరబడి 44ఏడీఏ కింద, వృత్తి ఆదాయమని వేసి పంపేదాన్ని. త్వరగా అయిపోతుంది, రిఫండు వస్తుంది, వాళ్ళూ సంతోషిస్తారు. ఆ రోజు మాత్రం చెయ్యి ఆగింది. రేపు ప్రసూతి సెలవు అడిగితే, "ఆమే తన రిటర్నులో సొంత ప్రాక్టీసు అని రాసుకుంది చూడండి" అని ఆసుపత్రి వాళ్ళు చూపించరా? ఇంతకాలం నేను అలా రాసి పంపిన వాళ్ళెందరో! యజమాని ఏ సెక్షన్ రాశాడన్నది తుది మాట కాదు. అయినా మన చేత్తో మనమే అదే మాట రాసిస్తే అది వాళ్ళకు సాక్ష్యమే అవుతుంది కదా.

జీతం కిందే చూపించి వేశాం. కోసిన పన్ను ఏ సెక్షన్‌దైనా ఆమె పాన్ మీదే ఉంది కాబట్టి ఆమెకే రావాలి. సెప్టెంబరులో 26,400 ఖాతాలో పడ్డాయి. అంతకుముందు రెండేళ్ళవి 45,600. వాటికి గడువు దాటిపోయింది. ఆలస్యాన్ని మన్నించమని ఆదాయపు పన్ను కమిషనరుకు అర్జీ పెట్టుకునే వీలుంది. పెట్టాం, చూడాలి.

పీఎఫ్ సంగతి చెబితే మాత్రం నిరాశపడింది. మొదటిసారి చేరినప్పుడే 15 వేలకు మించి జీతమున్న వాళ్ళను పీఎఫ్‌లో చేర్చడం తప్పనిసరి కాదు. ఈమె చేరిందే 18 వేలకు. కాబట్టి ఉద్యోగి అని తేలినా ఆ విషయంలో గట్టిగా అడగలేం. ఈఎస్ఐ పరిమితి 21 వేలు, అదీ దాటేసింది. మిగిలింది ప్రసూతి సెలవు ఒక్కటే. దానికి జీతం పరిమితి లేదు. కాన్పుకు ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు.

ఆగస్టు చివర్లో నోటీసు రాయించాను. ఫలానా తేదీ నుంచి సెలవులో ఉంటాను, చట్టప్రకారం రావలసింది ఇప్పించండి అని. వాళ్ళత్తగారికి ఇష్టం లేదు. "ఉన్న నౌకరీ ఊడగొట్టుకుంటవా?" అందట. భర్త ఎటూ చెప్పలేదు. చివరికి అత్తగారే ఆటోలో తోడు వెళ్ళింది లెండి.

వారంలో జవాబు వచ్చింది. "మీరు మా కన్సల్టెంటు, ఉద్యోగి కారు, మీ టీడీఎస్ చూసుకోండి" అని. అప్పుడు బయటికి తీశాం ఆ చీటీల్ని. కార్మిక శాఖ అధికారికి ఇచ్చిన ఫిర్యాదుకు పీటీ కోసిన చీటీలన్నీ జతచేశాం. సెలవు కాగితాల మీద సూపరింటెండెంటు 'అనుమతించడమైనది' అని రాసిన ఫొటోలు పద్నాలుగు దొరికాయి ఆమె ఫోన్‌లో. డ్యూటీ చార్టుల ఫొటోలు, యూనిఫాం వేసుకురాలేదని పెట్టిన మెమో కూడా. ఆ మెమో చూసి ఆ అమ్మాయి నవ్వింది. "ఆనాడు ఏడ్సిన అక్కా దీనికి" అంది.

అధికారి పిలిపించిన రెండో రోజుకే ఆసుపత్రి మెత్తబడింది. కాన్పయ్యాక వస్తే జీతం మీద తీసుకుంటామని, పన్నెండు వారాల డబ్బు 'మానవతా దృక్పథంతో' ఇస్తామని ఒక పత్రం పంపింది. ఆ పత్రంలో రెండో పేజీలో ఒక వాక్యం ఉంది. ఇప్పటివరకు తాను కన్సల్టెంటుగానే పనిచేశానని ఆమె అంగీకరిస్తున్నట్టు.

రాత్రి పదిన్నరకు ఫోను చేసింది. తొమ్మిదో నెల, నిద్ర పట్టడం లేదు. "పన్నెండు వారాలన్న వస్తయి గదక్కా. సంతకం పెట్టాల్నా?" అని అడిగింది. ఆ పన్నెండు వారాలకు సుమారు 60 వేలు. కాన్పుకు అక్కరకొచ్చే డబ్బు. వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ వాక్యం కొట్టేసి ఇస్తే పెట్టు, లేకపోతే రేపు అధికారికి చూపించి అడుగు, అన్నాను. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. వెనకాల నుంచి వాళ్ళత్తగారి గొంతు వినిపించింది.

"ఆ కాయితం గా బ్యాగుల పెట్టు. తెల్లారినంక నేను వస్త, పోదాం."